మూత మీది అంకె

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "పాతికేళ్లుగా అమెరికాలో ఇంజినీరువి కదా, ఏదైనా సాంకేతిక విషయం మీద ఇరవై నిమిషాలు మాట్లాడు. అందరికీ అర్థమవ్వాలి సుమా!" అన్నారు. ఒక మూత గురించి మాట్లాడతానన్నాను. అటు నుంచి కాసేపు మాట రాలేదు. తర్వాత "మూతా?" అన్నారు. అవును, మూతే. ఇంజను చల్లబరిచే నీళ్ల మీద ఉండే మూత, మనం రేడియేటర్ క్యాప్ అనేది. అరచేతిలో పట్టేంత ఉంటుంది. అది మార్చడంలో నేను చేసిన తప్పు గురించి చెబుతాను. ఆ తప్పును సరిదిద్దిన పాఠం ఈ బడిలో విన్నదే కాబట్టి, ఇక్కడ చెప్పడమే న్యాయం.

ముందు మన సైన్సు గది గుర్తు చేసుకుందాం. పదో తరగతిలో మా ఫిజికల్ సైన్స్ మాస్టారు గుండ్రటి గాజు కుప్పెలో సగానికి నీళ్లు పోసి సారాయి దీపం మీద మరిగించారు. సారాయి దీపం అన్నప్పుడల్లా మేం నవ్వేవాళ్లం. ఆయనా ఓర్చుకునేవారు. నీళ్లు తెర్లాక దీపం తీసేసి, రబ్బరు బిరడా బిగించి, కుప్పెను తలకిందులు చేసి స్టాండుకు పెట్టారు. మరగడం ఆగిపోయింది. అప్పుడు కుండలోని చన్నీళ్లు చెంబుతో తెచ్చి కుప్పె మీద పోశారు. లోపలి నీళ్లు మళ్లీ తెర్లడం మొదలుపెట్టాయి! చన్నీళ్లు పోస్తే మరగడమేమిటని మేం నోళ్లు వెళ్లబెట్టాం. మాస్టారు అన్నారు: "నీళ్లు ఎంత వేడికి మరగాలో నీళ్లొక్కటే తేల్చుకోవురా. నెత్తి మీద ఎంత బరువుందో చూసుకుని మరుగుతాయి." కుప్పె పైభాగంలోని ఆవిరి చన్నీళ్లకు చల్లబడి నీరైపోయింది, లోపలి పీడనం పడిపోయింది, ఆ తక్కువ పీడనంలో తక్కువ వేడికే నీళ్లు మరిగాయి. పరీక్షలో దీనికి నాలుగు మార్కులు. నాకు నాలుగూ వచ్చాయి. మార్కులు వచ్చాయి కాబట్టి అర్థమైందనుకున్నాను.

రెండో సంగతి మా మావయ్య లారీది. తొమ్మిదో తరగతి వేసవి సెలవుల్లో సిమెంటు లోడుతో ఎస్.కోట మీదుగా అరకు వెళ్తుంటే నేనూ ఎక్కాను. అనంతగిరి ఘాట్‌లో ఇంజను ఆవిరి కక్కింది. బండి పక్కకు తీసి, చక్రాల కింద రాళ్లు పెట్టి, మావయ్య డబ్బా పట్టుకుని నీళ్ల కోసం వాగు వైపు వెళ్లాడు. క్లీనరు కుర్రాడికి పదిహేడేళ్లుంటాయేమో. మావయ్య వచ్చేలోపు పని అయిపోవాలని, తడి గోనెసంచి మూత మీద వేసి తిప్పాడు. ఒక్క క్షణం. మోచేతి దాకా, ఛాతీ మీద, మెడ మీద మరిగే నీళ్లు. దారిన వచ్చిన జీపులో ఎస్.కోట ఆసుపత్రికి తీసుకెళ్లాం. తర్వాత నెల్లాళ్లు మా ఇంట్లోనే ఉన్నాడు. రెండు చేతులకూ కట్లు. అమ్మే అన్నం కలిపి ముద్దలు పెట్టేది. ఆ కుర్రాణ్ణి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

ఇక అసలు కథ. మేం డెన్వర్ దగ్గర ఉంటాం. నేను విద్యుత్ కేంద్రాల బాయిలర్ల మీద పనిచేస్తాను. సేఫ్టీ వాల్వు ఎంత పీడనానికి తెరుచుకోవాలో లెక్క చూసి సంతకం పెట్టడం నా ఉద్యోగంలో భాగం. నాలుగేళ్ల క్రితం మేం ఒక పాత మోటర్‌హోమ్ కొన్నాం. చూడనివాళ్ల కోసం చెబుతాను. అది బస్సంత బండి. లోపల మంచాలు, వంటగట్టు, స్నానాల గది అన్నీ ఉంటాయి. మాది ముప్పై ఎనిమిది అడుగులు. ఎనిమిది లీటర్లు దాటిన ఆరు సిలిండర్ల టర్బో డీజిల్ ఇంజను వెనక ఉంటుంది, డ్రైవరు ముందు. అంటే ముందు కూర్చున్నవాళ్లకు వెచ్చటి గాలి రావాలంటే వెనక ఇంజనులోని వేడి కూలెంట్ పొడవాటి హోసుల్లో బండి కింద నుంచి ముందు దాకా వచ్చి తిరిగి వెళ్లాలి. ఈ పొడవాటి హోసులను కూడా గుర్తుంచుకోండి.

ఒక వేసవిలో అమ్మ మా దగ్గరుంది. యూటా రాష్ట్రంలో ఆర్చెస్ నేషనల్ పార్కు అని, రాళ్లు ఇంద్రధనుస్సుల్లా వంగి నిలబడ్డ చోటు ఉంది, అది చూపిద్దామనుకున్నాం. బయల్దేరే ముందు బండి సరిచూస్తుంటే కూలెంట్ ట్యాంకు మూత రబ్బరు పగిలి కనిపించింది. మూత జేబులో వేసుకుని స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్లి కౌంటరు మీద పెట్టాను. "ఇలాంటిదే ఇవ్వండి" అన్నాను. కుర్రాడు దాని మీది అంకె చూసి అదే అంకె ఉన్నది ఇచ్చాడు. ఏడు. చదరపు అంగుళానికి ఏడు పౌండ్లు. దుకాణం వాళ్ల తప్పు ఇందులో ఏమీ లేదు. నేను అడిగిందే ఇచ్చారు. ఆ ఏడు ఎక్కడి నుంచి వచ్చిందని నేను అడగలేదు.

డెన్వర్ నుంచి పడమరకు వెళ్లే ఐ-70 రహదారి ఐసన్‌హోవర్ సొరంగం దాకా చాలా భాగం ఎక్కుడే. డెన్వర్ ఎత్తు సుమారు 1,600 మీటర్లు, సొరంగం సుమారు 3,400. జూలై ఎండ. వెనక ఓ చిన్న కారును కూడా లాక్కెళ్తున్నాం. జార్జ్‌టౌన్ దాటాక ఉష్ణోగ్రత ముల్లు పైకి కదిలింది. 222 ఫారన్‌హీట్, అంటే 105, 106 సెల్సియస్ దగ్గరికి వచ్చేసరికి వెనక అద్దంలో తెల్లటి పొగలాంటిది కనిపించింది. తియ్యటి వాసన. కూలెంట్ వాసన అది. పక్కకు తీసి ఆపాను. ట్యాంకు మూత చుట్టూ ఆకుపచ్చ నీళ్లు కారుతున్నాయి, రోడ్డు మీద మడుగు కట్టింది.

ఇప్పుడు వినండి. బాయిలర్ల ఇంజినీరు, వయసు యాభై దాటినవాడు, తువ్వాలు మడిచి మూత మీద చెయ్యి వేశాడు. లోపల ఎంత మిగిలిందో చూద్దామని! అమ్మ మెట్ల మీద నుంచి అరిచింది. "ఒరేయ్, చెయ్యి తియ్యరా! ఆ క్లీనరు కుర్రాణ్ణి మరిచిపోయావా?"

చెయ్యి తీశాను. అమ్మ చదివింది ఐదో తరగతి. నెల్లాళ్లు అన్నం ముద్దలు పెట్టిన చేతికి తెలిసింది నా డిగ్రీకి ఆ క్షణాన తట్టలేదు. మా ఆవిడ నెమ్మదిగా ఇంకో మాట అంది: "ఇంట్లో కుక్కర్ ఈల ఆగకుండా మూత తీస్తే నన్ను ఊరుకుంటారా మీరు?"

ఆ కుక్కర్ మాటే ఈ ప్రసంగానికి మూలం. మన ఇళ్లలో కుక్కర్ వెయిట్ లోపల ఆవిరిని చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో దాకా అదనంగా ఆపుతుంది. అప్పుడు నీళ్లు 100 దగ్గర కాక 120 దగ్గర మరుగుతాయి. పప్పు తొందరగా ఉడికేది అందుకే. ఇంజను మూత చేసే పనీ అదే, ప్రయోజనం మాత్రం తలకిందులు. కుక్కర్‌లో ఎక్కువ వేడి కావాలి కాబట్టి ఒత్తిడి. ఇంజనులో నీళ్లు మరగకూడదు కాబట్టి ఒత్తిడి. నీళ్లు ద్రవంగా ఉన్నంతసేపే లోహం నుంచి వేడిని లాగి రేడియేటర్‌కు మోస్తాయి. సిలిండర్ హెడ్ దగ్గర ఆవిరి పొర కట్టిందంటే అక్కడ వేడి లాగేవాడు లేడు. హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది. పెద్ద డీజిల్ ఇంజన్లలో మరో సంగతి కూడా ఉంది. సిలిండర్ లైనరు బయటి గోడకు కూలెంట్ నేరుగా తగిలే ఇంజన్లలో లైనరు అదురుకు చిన్న చిన్న బుడగలు పుట్టి చిట్లుతుంటాయి. ఆ చిట్లడం ఉక్కును కూడా గుంటలు గుంటలుగా తినేస్తుంది. సరిపడా ఒత్తిడి ఉంటే ఆ బుడగలు తగ్గుతాయి. కాబట్టి ఆ మూత ఇంజనులో ఒక భాగమే.

లెక్క చూడండి. సగం నీళ్లు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన కూలెంట్ సముద్ర మట్టం దగ్గర, మూత లేకుండా, సుమారు 108 డిగ్రీల దగ్గర మరుగుతుంది. 15 పౌండ్ల మూత బిగిస్తే సుమారు 129 దాకా ఆగుతుంది. ఇప్పుడు దాన్ని కొండ మీదికి తీసుకెళ్దాం. 3,400 మీటర్ల మీద గాలి బరువు తక్కువ. అక్కడ మామూలు నీళ్లు 89 లోపే మరుగుతాయి. మూత ఆపేది బయటి గాలి కంటే ఎంత ఎక్కువ అన్నదే. అంటే కొండెక్కితే మూత బలం తగ్గదు, కానీ అది నిలబడ్డ నేలే కుంగుతుంది. ఆ ఎత్తులో 15 పౌండ్ల మూత ఉంటే కూలెంట్ 120 దాటాక గానీ మరగదు. నా 7 పౌండ్ల మూతతో 111 దగ్గరే మరుగుతుంది. ముల్లు చూపేది కదిలే కూలెంట్ సగటు వేడి. హెడ్ పక్కన మూలల్లో అంతకంటే ఎక్కువుంటుంది. ముల్లు 106 చూపేసరికి ఆ మూలల్లో ఆవిరి పుట్టి, నీళ్లను తోసి, మూతను లేపింది. మాస్టారి కుప్పె రోడ్డు పక్కన నా ముందే ఉంది. నాలుగు మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేనే.

ఇంజను పూర్తిగా చల్లబడే దాకా రెండు గంటలకు పైగా ఆగాం. అమ్మ పులిహోర పెట్టింది. తర్వాత కూలెంట్ నింపి, మెల్లగా వెనక్కి తిరిగి ఇల్లు చేరాం. ఆ రాత్రి మంచం కింది అరలో ఉన్న బండి కాగితాల కట్ట మొదటిసారి విప్పాను. ఛాసిస్ పుస్తకంలో కూలెంట్ ట్యాంకు మూత అని స్పష్టంగా ఉంది: 15 పౌండ్లు.

ఇక్కడ, బండి ఉన్న ప్రతి ఒక్కరికీ పనికొచ్చే నాలుగు మాటలు.

మొదటిది. పాత మూతను నమూనాగా తీసుకోకండి. దాన్ని బిగించింది ఎవరో, ఎందుకో మనకు తెలీదు. అంకె పుస్తకంలో చూడండి. మోటర్‌హోమ్ లాంటి బండికి ఇంజను చేసేది ఒకరు, ఛాసిస్ చేసేది ఇంకొకరు, పైన ఇల్లు కట్టేది మరొకరు. రేడియేటర్, ట్యాంకు సాధారణంగా ఛాసిస్ వాళ్లవి. అందుకని ఇంజను పుస్తకం ఒక్కటే చూసి ఆగకండి. ఛాసిస్ పుస్తకం కూడా చూసి రెండూ ఒప్పుకునే అంకె తీసుకోండి. ఇక్కడి కార్ల మూతల మీద 0.9 అనో 1.1 అనో ఉంటుంది. అది చదరపు సెంటీమీటరుకు కిలోల లెక్క. 0.9 అంటే సుమారు 13 పౌండ్లు, 1.1 అంటే సుమారు 16.

రెండోది. అంకె కలిస్తే చాలదు, మెడ కలవాలి. మూత లోపల స్ప్రింగు కింద రబ్బరు బిళ్ల ట్యాంకు మెడ అడుగున ఉన్న గట్టు మీద కూర్చుంటుంది. ఆ గట్టు కొన్నిటికి సుమారు 19 మిల్లీమీటర్ల లోతులో, కొన్నిటికి 25 దగ్గర ఉంటుంది. లోతు మెడకు పొట్టి మూత పెడితే పైకి బిగిసినట్టే ఉంటుంది, లోపల బిళ్ల గట్టుకు సరిగా ఆనదు. మూత మీద 15 అని ఉంటుంది, లోపల ఒత్తిడి నిలవదు. పక్కింటి కుక్కర్ గ్యాస్కెట్ మన కుక్కర్‌కు పెట్టినట్టే. అలాగే మూత రేడియేటర్ మీదుండి, పొంగిన కూలెంట్ పక్క సీసాలోకి వెళ్లి, చల్లబడ్డాక తిరిగి రావాల్సిన బండి అయితే, మూతకు పై అంచున కూడా రబ్బరు ఉండాలి. లేకపోతే చల్లబడ్డప్పుడు కూలెంట్‌కు బదులు గాలి పీలుస్తుంది.

మూడోది. మూతకు రెండు వాల్వులుంటాయి. పెద్దది ఒత్తిడి ఎక్కువైతే బయటికి వదిలేది. మధ్యలో చిన్నది, ఇంజను చల్లబడి లోపల శూన్యం ఏర్పడితే తిరిగి లోపలికి రానిచ్చేది. పొద్దున్నే పై హోసు ఎవరో పిసికినట్టు చొట్టపడి కనిపిస్తే ఈ చిన్న వాల్వు ఇరుక్కుందేమో అనుమానించాలి. కొత్త మూతను కూడా చేతి పంపుతో పరీక్షించాకే బిగించండి. తన అంకె దగ్గర తెరుచుకోవాలి, అంతకు కాస్త కిందైతే నిలబడాలి. నా 7 పౌండ్ల మూతను కూడా అలా పరీక్షించాను. సరిగ్గా ఏడు దగ్గర తెరుచుకుంది. పాపం, అది తన పని నిజాయతీగానే చేసింది.

నాలుగోది. "పదిహేను మంచిదైతే ఇరవై ఇంకా మంచిది కదా" అనకండి. మూత సేఫ్టీ వాల్వు కూడా. అది తెరుచుకోకపోతే హోసో, హీటరో, రేడియేటర్ అతుకో తెరుచుకుంటుంది. ఏది ముందు తెగాలో ఇంజను గీసినవాళ్లు ముందే ఆలోచించి పెట్టారు. ఆ క్రమం మనం మార్చకూడదు.

ఇక కథలో మిగిలిన ముక్క. 15 పౌండ్ల మూత తెచ్చాను, పరీక్షించాను, బాగుంది. బిగించే ముందు చల్లని ఇంజను మీద మొత్తం వ్యవస్థకు పంపు పెట్టి గాలి కొట్టాను. ఏడు దాకా ముల్లు కదలకుండా నిలబడింది. పన్నెండు దాటాక మెల్లగా దిగడం మొదలుపెట్టింది. వెనక ఇంజను చుట్టూ ఒక్క చుక్క లేదు. టార్చి పట్టుకుని బండి కింద పాకుతూ ముందు దాకా వెళ్లాను. నేను గుర్తుంచుకోమన్న ఆ పొడవాటి హోసుల్లో ఒకటి, డ్రైవరు కాళ్ల దగ్గర, హీటరుకు కలిసే చోట చీలి, బొట్లు బొట్లుగా కారుతోంది.

అప్పుడర్థమైంది ఆ ఏడు ఎక్కడి నుంచి వచ్చిందో. హోసు కారుతోంది. మార్చాలంటే బండి ముందుభాగం విప్పాలి. ఒత్తిడి తగ్గిస్తే కారడం ఆగుతుంది. అందుకే ఎవరో, ఎప్పుడో తక్కువ అంకె మూత పెట్టేశారు. మైదానంలో తిరిగే బండికి అది చాలేళ్లు సరిపోయి ఉంటుంది. తాత్కాలికం అనుకునే పెట్టి ఉంటారు, తర్వాత మరిచిపోయి ఉంటారు. వాళ్లను నేను తిట్టను. నేనైనా ఆ మూత పగిలినప్పుడు అదే మూత మళ్లీ కొన్నానుగా! వాళ్లు కప్పిపెట్టిన లోపాన్ని కొత్త రబ్బరుతో మళ్లీ కప్పింది నేనే.

రెండు శనివారాలు పట్టింది ఆ హోసు మార్చడానికి. తర్వాత పంపు పెట్టి 15 దాకా కొట్టి పావుగంట చూశాను, ముల్లు కదల్లేదు. ఆగస్టులో మళ్లీ బయల్దేరాం. జార్జ్‌టౌన్ దాటాక ముల్లు మళ్లీ అక్కడికే, 220 దగ్గరికి వచ్చింది. గేరు తగ్గించి, ఏసీ ఆపేసి, లారీల వరుసలో నెమ్మదిగా ఎక్కాం. ఒక్క చుక్క బయటికి రాలేదు. సొరంగం దాటి దిగుతుంటే ముల్లు దానంతటదే కిందికి వచ్చింది. ముందు సీట్లో కూర్చున్న అమ్మ, "మీ మావయ్యకి ఈ మూత ఉంటే ఎంత బాగుండేదిరా" అంది. నేనేమీ అనలేకపోయాను.

మిత్రులారా, ఈ సభకు వచ్చిన రోజు పొద్దున్నే మన సైన్సు గదికి వెళ్లాను. బీరువా కొత్తది. గోడ మీద రంగురంగుల పటాలున్నాయి. ఆ ప్రయోగం ఇప్పుడూ పుస్తకంలో చదువుతున్నారా అని పిల్లల్ని అడిగితే నీళ్లు మరగడం గురించి గడగడా చెప్పారు. కళ్లతో చూశారా అంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాస్టారు ఇవాళ మన మధ్య లేరు. ఆయన కుప్పె కూడా ఎప్పుడో పగిలిపోయి ఉంటుంది.

అందుకే సంఘానికి నాదొక విన్నపం. నాకు శాలువా, జ్ఞాపిక వద్దు. ఆ డబ్బుకు నేనూ కొంత కలుపుతాను. గుండ్రటి గాజు కుప్పెలు అరడజను, బిరడాలు, స్టాండ్లు, రెండు దీపాలు కొనండి. పదో తరగతిలోకి వచ్చే ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ ఆ కుప్పె మీద తన చేత్తో చన్నీళ్లు పోసి, నీళ్లు మళ్లీ తెర్లడం చూడాలి. పక్కన టీచరు గారు నిలబడి చేయించాలి, వేడి గాజు కాబట్టి కళ్లకు అద్దాలు పెట్టించాలి. ఆ పిల్లల్లో ఒకరు రేపు లారీ నడపవచ్చు, ఒకరు బాయిలర్ల మీద సంతకాలు పెట్టవచ్చు, ఒకరు ఇంట్లో కుక్కర్ పెట్టవచ్చు. ఎవరైనా ఏదో ఒక రోజు ఒక వేడి మూత మీద చెయ్యి వేస్తారు. అప్పుడు అరిచి ఆపడానికి పక్కన మా అమ్మ ఉండదు. ఆ కుప్పె గుర్తుకు రావాలి.